పల్లెబాటల పరుగు

పరుగు మనుష్యునకు ఎవరును ప్రత్యేకముగా నేర్పనక్కరలేని వ్యాయామము. నడక వచ్చిన బిడ్డ కొలది నెలలలోనే పరుగెత్త నారంభించును. పెరిగి పెద్దవాడై, దినమంతయు బల్లముందు కూర్చుండి చేయు ఉద్యోగములో ప్రవేశించిన పిమ్మట ఆ విద్యను మరచిపోవును. ఇట్లు మరచిపోవుటకు దేశము చెల్లించుచున్న మూల్యము స్వల్పమైనది కాదు. మన దేశమున 10 కోట్లకు పైగా జనులు మధుమేహముతో బాధపడుచున్నారని భారత వైద్య పరిశోధనా మండలి వారి ఆధ్వర్యమున జరిగిన పరిశీలన 2023లో వెల్లడించినది. శరీరశ్రమ లేకపోవుట ఈ వ్యాధికి గల ముఖ్యకారణములలో నొకటి. వయోజనులు వారమునకు 150 నుండి 300 నిమిషముల వరకు మితమైన శ్రమగాని, 75 నుండి 150 నిమిషముల వరకు తీవ్రమైన శ్రమగాని చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. వేగముగా నడచుట మొదటి తరగతికి చెందును. పరుగు రెండవ తరగతికి చెందును.

పట్టణములలో పరుగెత్తుటకు తగిన చోటు దొరకుట కష్టము. కాలిబాటలపై దుకాణములు, వీథులలో వాహనములు, గాలిలో పొగ. ఉద్యానవనములో ఒకే వలయమును ఇరువదిసార్లు చుట్టిన వానికి విసుగు పుట్టును. విసుగు పుట్టిన వ్యాయామము నెల తిరుగక మునుపే నిలిచిపోవును. అందువలననే ఈ కాలమున అనేకులు సెలవు దినములలో పల్లెపట్టుల వైపు, ముఖ్యముగా ఎత్తుపల్లములు గల ప్రాంతముల వైపు, పరుగుకొరకు పోవుచున్నారు. ఇది మంచి అలవాటే. మలుపు తిరిగినప్పుడెల్ల క్రొత్త దృశ్యము కనబడుచుండగా కాళ్ళ అలసట మనసునకు తెలియదు. అయితే మేలు ఎక్కడ నున్నదో కీడును అక్కడనే యున్నది. అలసట తెలియకుండుట వలననే మనుష్యుడు తన శక్తికి మించి పోవును. సుందరమైన దారి సులభమైన దారి కాదు.

ఎక్కుట కంటె దిగుటయే కష్టము

సమతలమున పరుగెత్తువాడు తన వేగమును గడియారముతో కొలుచుకొనవచ్చును. ఎత్తుపల్లముల నేలపై గడియారము మోసగించును. సమతలమున కిలోమీటరును ఏడు నిమిషములలో ముగించువాడు, ఏటవాలు దారిలో అదే వేగమును నిలుపుకొనదలచినచో గుండెపై భారము వేగముగా పెరుగును. తన బరువును తానే పైకి మోసికొని పోవుచున్నాడు గదా! కావున ఎక్కునప్పుడు చూచుకొనవలసినది శ్వాసను గాని గడియారమును గాదు. బాల్యమున నేర్చిన శతకపద్యమొకటి పాదము పాదముగా తడబాటు లేక చదువగలిగినంతవరకు శ్రమ మితముగా నున్నట్లు తెలియవలెను. రెండు మూడు మాటలకే ఊపిరి అందకున్నచో నడకకు మారవలెను. ఏటవాలులో నడచుట అవమానమని కొందరి భావము. అనుభవము గల పరుగువీరులు సైతము నిటారైన చోట నడచెదరు. అంతటి వాలులో పరుగునకును వడి నడకకును కాలమున పెద్ద భేదము ఉండదు, శ్రమలో మాత్రము భేదము చాల ఉండును.

ఎక్కుట ముగిసి శిఖరము చేరగానే చాలమంది కష్టము గడచినదని తలచెదరు. నిజమునకు కండరములకు హాని కలుగునది అప్పటినుండియే. దిగునప్పుడు ఊపిరి తేలికగా నుండును, గుండె నెమ్మదించును, కాళ్ళు వాటంతటవే ముందునకు పోవును. కాని ప్రతి అడుగునందును తొడ ముందుభాగపు కండరములు సాగుచునే బిగిసి, పడబోవు శరీరమును నిలువరింపవలసి వచ్చును. ఎడ్లబండి పల్లమునకు దిగునప్పుడు కాడి క్రింది ఎడ్లు వెనుకకు తన్నిపట్టి బండిని ఆపుటను చూచినవారికి ఇది తేలికగా బోధపడును. ఇట్లు సాగుచు బిగియు కండరముల తంతువులు సూక్ష్మముగా చిట్లును. ఆ నొప్పి వెంటనే తెలియదు. ఒక దినము గడచిన పిదప మొదలై, రెండవ మూడవ దినములలో అధికమై, మెట్లు దిగుటయే దుర్భరమగును. కొలదిరోజులలో అది తనంతట మానిపోవును. అలవాటు పడిన పిదప తరువాతి సారి అంతగా బాధింపదు. మోకాలి చిప్ప వెనుక నొప్పియు, మడమ వంపులో బెణుకును అట్లు తేలికగా విడువవు.

కావున దిగునప్పుడు అడుగులు పొట్టివిగా, తరచుగా వేయవలెను. పెద్ద అంగలు వేసి మడమపై బరువు మోపుట తగదు. దేహమును వెనుకకు వాల్చక, వాలునకు అనుగుణముగా నిలుపుకొనవలెను. చూపు పాదములపై గాక నాలుగైదు గజముల ముందు నుండవలెను. మొదటి నెలలో ఎక్కుట పరుగుగా చేసినను దిగుట నడకగానే చేయుట ఉత్తమము. ఈ ఒక్క నియమమును పాటించిన వారికి మోకాలి బాధలలో అనేకము దరిచేరవు.

అరకులోయ

ఈ విషయములన్నియు ఒక్కచోట గమనింపదగిన ప్రదేశము తూర్పు కనుమలలోని అరకులోయ. విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైని ఎత్తున ఈ లోయ ఉన్నది. 1960లలో ఇనుప ఖనిజమును రేవునకు చేర్చుటకై నిర్మించిన కొత్తవలస–కిరండూలు రైలుమార్గము ఏబదికి పైగా సొరంగములు దాటి ఇచ్చటకు చేరును. ఆ దారిలోని శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున నుండి, ఒకప్పుడు దేశమందలి బ్రాడ్ గేజి స్టేషనులలో అత్యున్నతమైనదిగా పేరు వహించినది. ప్రయాణికులలో పెక్కుమంది ఉదయము సముద్రతీరమున రైలెక్కి మధ్యాహ్నమునకే కొండలపై దిగెదరు.

శృంగవరపుకోట నుండి అనంతగిరి మీదుగా లోయకు ఎక్కు ఘాటు రోడ్డు చూచుటకు మిక్కిలి మనోహరము. కాని అది పరుగునకు ఎంతమాత్రమును తగినది కాదు. మలుపు మలుపునకు బస్సులు, లారీలు, విహారయాత్రికుల కార్లు ఎదురగుచుండును. ఒకవైపు కొండ, మరియొకవైపు లోయ, తప్పుకొనుటకు అంచు లేదు. ఛాయాచిత్రములలో ఆ రోడ్డును చూచి మురిసి పరుగునకు దిగువారు ఈ సంగతిని గుర్తింపవలెను. వాహనములో కూర్చుండి, డాముకు వద్దను గాలికొండ వద్దను ఆగి దాని అందమును చూచుట చాలును.

పరుగునకు తగినది లోయ లోపలి భాగము. అరకు పట్టణము నుండి పద్మాపురము వైపునకును, అచటి నుండి చుట్టుప్రక్కల గిరిజన గ్రామములకును పోవు చిన్న దారులు ఉన్నవి. ఇవి కొండ ఎక్కు దారులు కావు. అలలవలె కొంత లేచి కొంత దిగుచు సాగును. మెట్టు మెట్టుగా కట్టిన వరిమడులు, చోళ్ళ చేలు, మధ్యమధ్య గెడ్డలు, వాటిపై చిన్న వంతెనలు. కార్తిక మార్గశిరములలో వలిసె పూచినప్పుడు చేలన్నియు పసుపు ఆరబోసినట్లు కనబడును. కాఫీ తోటల ప్రక్కగా పోవు దారులలో వెండి ఓకు చెట్ల నీడ ఎడతెగక ఉండును. ఆ చెట్లను కాఫీకి ఎండ తగులకుండుటకే పెంచెదరు. వాటిపై మిరియపు తీగెలను ప్రాకించెదరు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. కాఫీ మొక్కకు మేలు చేయు నీడయే బాటసారికిని మేలు చేయును.

కొంత అభ్యాసము గలవారు అరకు నుండి డుంబ్రిగుడ మీదుగా చాపరాయి వరకు పోవు రోడ్డును ఎన్నుకొనెదరు. చాపరాయి వద్ద ఏరు చదునైన రాతిపలకపై జారుచు పారును. ఒకవైపే దూరము పది కిలోమీటర్లకు పైబడును గనుక, పోవునప్పుడు పరుగెత్తి తిరుగు ప్రయాణము వాహనములో చేయుట మంచిది. నవంబరు మొదలు జనవరి వరకు, అందును శని ఆదివారములలో, ఈ రోడ్డుపై విహారయాత్రికుల వాహనములు మెండుగా నుండును. ఇతర దినములలో పోయినవారికి దారి ప్రశాంతముగా దొరకును. చాపరాయి వద్ద రాళ్ళపై పాచి పట్టి యుండును. అలసిన కాళ్ళతో నీటిలోనికి దిగుట ప్రమాదము.

ఇచ్చట వేళను గూర్చి ఒక మాట చెప్పవలసి యున్నది. మైదానములలో సూర్యోదయమునకు ముందే పరుగు ముగింపవలెనని సాధారణ నియమము. అరకులో శీతకాలమున ఆ నియమమును తలక్రిందులు చేయవలెను. తెల్లవారుజామున మంచు దట్టముగా క్రమ్మి పది గజముల ముందున్న మనిషియు కనబడడు. వాహనము నడుపువానికిని కనబడడు. మంచు విడి, రోడ్డు స్పష్టముగా కనబడిన పిమ్మటనే బయలుదేరవలెను. తెల్లని లేక లేతరంగు దుస్తులు ధరింపవలెను. చలిలో చెమట పోయుచున్నట్లు తెలియకున్నను పోవుచునే యుండును. దాహము వేయలేదని నీరు పూర్తిగా మానుట పొరపాటు. అట్లని అవసరమునకు మించి నీరు త్రాగుటయు హానికరమే. రక్తములోని ఉప్పు పలుచనై తలనొప్పి, వాంతి, మతిభ్రమ కలుగవచ్చును. దాహమునకు తగినంత త్రాగి, గంటకు పైబడిన పరుగులో ఉప్పు చక్కెర కలిసిన ఓ.ఆర్.ఎస్. ద్రావణమును పుచ్చుకొనుట సరియైన పద్ధతి. మన్యప్రాంతములలో మలేరియా భయము కలదు గనుక రాత్రి బస చేయువారు దోమతెరలో నిద్రింపవలెను. తిరిగి వచ్చిన కొన్ని వారములలో చలిజ్వరము తగిలినచో వైద్యునకు తాము మన్యమునకు పోయి వచ్చిన సంగతి తప్పక చెప్పవలెను.

మరికొన్ని దారులు

హైదరాబాదు వారికి సమీపమున వికారాబాదు అనంతగిరి కొండలు ఉన్నవి. మూసీనది జన్మస్థానమిదియే. ఎర్రని మట్టి బాటలు కాళ్ళకు మెత్తగా నుండును. తారురోడ్డు కంటె కీళ్ళకు హాయి. వానకాలమున అదే మట్టి జారును. అడవిలోనికి పోవు బాటలకు అటవీశాఖ వారి అనుమతి ముందుగా పొందవలెను. క్షయవ్యాధికి మందులు లేని కాలమున మంచి గాలియే చికిత్స యని తలచి, వైద్యులు రోగులను ఇట్టి ఎత్తైన ప్రదేశములకు పంపెడివారు. అనంతగిరిలో క్షయరోగుల చికిత్సాలయము వెలసినది ఆ నమ్మకముతోనే. మదనపల్లె చెంత ఆరోగ్యవరములో ఇరువదవ శతాబ్దపు రెండవ దశకమున వెలసిన శానిటోరియము దక్షిణభారతమంతటను ప్రసిద్ధి కెక్కినది. ఇప్పుడు క్షయకు నమ్మకమైన మందులు కలవు, గాలి ఒక్కటియే చాలదని అందరకును తెలియును. అయినను ఆనాటి వైద్యులు ఎన్నుకొన్న ప్రదేశములే నేటి పరుగువారిని ఆకర్షించుచుండుట విశేషము.

మదనపల్లె పరిసరములు మైదానమును కావు, పర్వతమును కావు. బండరాళ్ళ గుట్టల నడుమ టమాట తోటలు, వేరుసెనగ చేలు, చింతచెట్ల నీడగల రోడ్లు. క్రొత్తగా అభ్యసించువానికి ఇంతకంటె అనువైన నేల దొరకుట అరుదు. దానికి ప్రక్కనే 1,265 మీటర్ల ఎత్తున హార్స్లీ కొండ కలదు. కొండమీదికి పోవు రోడ్డు ఎడతెగని ఎక్కుడు. సంవత్సరకాలము అభ్యాసము లేనివారు దాని జోలికి పోకుండుట మేలు. మహారాష్ట్రమున సాతారా పట్టణము వద్ద యవతేశ్వరము కొండరోడ్డుపై 2012 నుండి జరుగుచున్న అర్ధ మారథానునకు దూరప్రాంతముల నుండి వేలకొలది జనులు వచ్చెదరు. అదియు తగిన సాధన చేసినవారికే తగినది.

నీలగిరులలో ఉదకమండలము వద్దనున్న వెన్లాక్ డౌన్స్ అను గడ్డిమైదానములు చూచుటకు ఆకుపచ్చని సముద్రము వలె నుండును. అయితే అచటి ఎత్తు 2,200 మీటర్లకు పైమాట. గాలి ఒత్తిడి సముద్రతీరమున నుండు దానిలో ఇంచుమించు నాల్గింట మూడు వంతులు మాత్రమే. విజయవాడనుండి పోయినవాడు మొదటి దినముననే తన అలవాటైన వేగముతో పరుగెత్తినచో ఆయాసపడుట తథ్యము. రెండు మూడు దినములు నడకతో గడిపి, శరీరము ఆ గాలికి అలవాటు పడిన పిమ్మట పరుగు మొదలిడవలెను.

దారి ఊరివారిది

పల్లె రోడ్డు కేవలము రోడ్డు కాదు. కోతల కాలమున అదియే కళ్ళము. వరి, చోళ్ళు, కందులు తారుపై పరచి ఆరబెట్టెదరు. ఆరబోసిన ధాన్యముపై బూటుకాళ్ళతో పోవుట ఆ యింటివారి అన్నమును త్రొక్కుటయే. ప్రక్కకు తొలగి, నడచి పోవలెను. మందలు ఎదురైనప్పుడు ఆగవలెను. పరుగు చూచి గొఱ్ఱెలు బెదరి చెదరినచో వాటిని ప్రోగుచేయుటకు కాపరికి పూటంతయు పట్టును. కాఫీ తోటలోనికిగాని చేనిగట్టు మీదికిగాని పోవదలచినవారు అడిగి పోవలెను. అడిగినచో కాదనువారు తక్కువ. దారి ముందు ఎట్లున్నదో, వాగులో నీరెంత యున్నదో, ఏ కుక్క కరచునో ఊరివారికి తెలిసినట్లు ఏ పటమునకును తెలియదు.

కుక్కలను గూర్చిన మాట పరిహాసము కాదు. పరుగెత్తువానిని చూచి తరుముట కుక్క స్వభావము. అది తరిమినప్పుడు పరుగు ఆపి, దాని కన్నులలోనికి చూడక, మెల్లగా నడచి పోవలెను. కరచినచో, గీరినను సరే, ఆ గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా ప్రారంభింపవలెను. పసుపుగాని సున్నముగాని గాయమున అద్దరాదు. రేబిస్ లక్షణములు కనిపించిన పిదప ప్రాణము దక్కుట దాదాపు అసంభవము. టీకా సకాలమున తీసికొన్నచో వ్యాధి రాదు. చీకటి వేళ గడ్డిబాటలలో రక్తపింజర, కట్లపాము ఉండవచ్చును గనుక టార్చి లేక నడువరాదు. పాము కరచినచో కోసి పీల్చుట, బిగించి కట్టుట కూడదు. కరచిన అవయవమును కదలనీయక త్వరగా పెద్దాసుపత్రికి చేర్చవలెను.

వాహనములు తిరుగు రోడ్డుపై కాలిబాట లేనిచోట కుడి అంచున, అనగా ఎదురు వచ్చు వాహనము కనబడునట్లు పోవలెను. చెవులలో పాటల తీగెలు పెట్టుకొని పోవు అలవాటు ఇటీవల ప్రబలినది. వెనుక వచ్చు లారీ మోత వినబడనివానికి పల్లె రోడ్డు ఉద్యానవనము కాదు. ఒంటరిగా పోవువారు, ముఖ్యముగా స్త్రీలు, ఏ దారిని పోవుచున్నారో ఎప్పుడు తిరిగి వచ్చెదరో బసలో ఒకరికి చెప్పి పోవుట మంచిది.

ఎవరు వైద్యుని అడుగవలెను

నలువది దాటినవారు, రక్తపోటు, మధుమేహము, హృద్రోగము కలవారు, కుటుంబమున చిన్నవయసుననే గుండెపోటు వచ్చినవారు గలవారు వైద్యపరీక్ష లేక కొండదారిలో పరుగు మొదలిడరాదు. వారమంతయు కూర్చుండి ఆదివారము నాడు మాత్రము కొండ నెక్కువానికి అపాయము అధికము. ఇన్సులిను తీసికొనువారు, చక్కెరను తగ్గించు మాత్రలు మ్రింగువారు జేబులో బెల్లపుముక్కనో చక్కెరనో ఉంచుకొనవలెను. చేతులు వణకి, చెమట పట్టి, కన్నులు తిరిగినచో వెంటనే తినవలెను. మధుమేహులకు పాదములలో స్పర్శ తగ్గి యుండవచ్చును. బూటులో గులకరాయి చొచ్చినను తెలియదు. పరుగు ముగిసిన వెంటనే పాదములను, వ్రేళ్ళ సందులను కన్నులతో చూచుకొనుట వారికి విధి.

రొమ్ములో బరువు, ఎడమచేతికిగాని దవడకుగాని ప్రాకు నొప్పి, చల్లని చెమట, అకారణమైన ఆయాసము, వీనిలో ఏది కనిపించినను తక్షణము ఆగవలెను. ఇంకొక మలుపు మాత్రమే మిగిలినదని సాగరాదు. 108కి ఫోను చేయవలెను. మన్యపు దారులలో అన్నిచోట్ల ఫోను పనిచేయదు గనుక హృద్రోగభయము గలవారు తోడు లేక పోకూడదు. ఎండకాలమున ఒళ్ళు కాలిపోవుచు మాట తడబడిన వానికి తగిలినది వడదెబ్బ. అతనిని నీడకు చేర్చి, దుస్తులు సడలించి, ఎంత చల్లని నీరు దొరకిన అంత చల్లని నీటితో ఒళ్ళంతయు తడిపి విసరుచు, ఆసుపత్రికి తీసికొని పోవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

కొండలు లేనివారు

కోనసీమలోను, కృష్ణా గుంటూరు మండలముల డెల్టాలోను నివసించువారు తమకు ఈ భాగ్యము లేదని విచారింపనక్కరలేదు. ప్రతి ఊరికిని చెరువుకట్టయో కాలువగట్టో ఉన్నది. రెండు నిలువుల ఎత్తుగల కట్టను పదిసార్లు ఎక్కి దిగినచో ఒక చిన్న గుట్ట ఎక్కినంత శ్రమ కలుగును. మొదటి వారమున మూడుసార్లు, అదియు నడకగా. తరువాత వారము వారమునకు ఒకటి రెండు సారులు పెంచుచు పోవచ్చును. నెలకు పిమ్మట ఎక్కునప్పుడు మెల్లని పరుగు. దిగుట మాత్రము నడకయే. ఇట్లు మూడు నెలలు చేసినవానికి అరకు దారులు క్రొత్తగా తోచవు. గట్టుపై నడచునప్పుడు రైతు ఎడ్లకు, సైకిలుకు దారి విడువవలెను. వానకాలమున కట్ట అంచు మెత్తబడి యుండును గనుక నడిమి భాగముననే పోవలెను.